బీఈడీ చేరితే గవర్నమెంటు ఫీజు కడతాదా? మా ఇంట్లో కారు ఉండాది, దాంతో పోతాదా?

కొర్లగుంట కోడలు:

అందరికీ నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. నేను బీఎస్సీ బీజెడ్సీ చేసినాను, 2018లో అయిపోయింది, ఆ తర్వాత పెళ్ళి, పాప, ఇంటి పని, అట్లా ఏడేళ్ళు ఎట్లా పోయినాయో తెలీలేదు. ఈ ఏడాది పాపని మున్సిపల్ స్కూల్లో ఒకటో తరగతిలో వేసినాం. పేరెంట్స్ మీటింగుకి పోతే పాప వాళ్ళ కొత్త మిస్సు ఎవురో కాదు, డిగ్రీలో నా పక్క బెంచీ పిల్ల! మెగా డీఎస్సీలో వచ్చిందంట. ఆ రోజు ఇంటికొచ్చినాక నాకు అన్నం సయించలా, నిజంగా చెప్తా ఉండా. నేను కూడా బీఈడీ చేసింటే ఈ పాటికి నేనూ టీచర్నే కదా అని ఒకటే మనసులో తిరగతా ఉండాది.

ఇంట్లో అడిగినా. మా ఆయన సరే అన్నాడు కానీ డబ్బులు ఎట్లా అన్నాడు. ఆయన టాక్సీ తోలతాడు, యాత్రికుల్ని కాణిపాకం, శ్రీకాళహస్తి పక్క తిప్పుతాడు, ఎల్లో బోర్డు బండి, లోను ఇంకా ఉండాది. మేము బీసీ, రేషన్ కార్డు ఉండాది, అత్తామామ మాతోనే. మామ పేరు మీద ఒక పాత ఆమ్నీ కూడా ఉండింది.

ఒకరేమో బీఈడీకి మొత్తం గవర్నమెంటే కడతాది అంటారు, పక్కింటామె అదంతా ఎత్తేసినారు పాపా అంటాది. ఇంకోటి, ఎట్ల తెలిసిందో ఏమో ఒకాయన ఫోన్ చేసి, మేడమ్ మీరు కాలేజీకి రాబన్లేదు, పరీక్షలకి వస్తే చాలు, ఫీజు గవర్నమెంటు నించి మేమే చూసుకుంటాం, ఇప్పుడు పదివేలు కట్టి సీటు పెట్టుకోండి అంటాడు. ఇది నిజమేనా? తెలిసినోళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, నాకు ఇవన్నీ కొత్త.


పుత్తూరు బయాలజీ:

అక్కా ముందు ఆ ఫోన్ చేసినాయనకి పదివేలు కాదు కదా పది రూపాయలు కూడా ఇయ్యొద్దు. నేను బీఈడీ 2024లో అయిపోగొట్టినా, నాది కూడా బయలాజికల్ సైన్సే, కాబట్టి నాకు జరిగింది చెప్తా.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎత్తేయలేదు. 2008లో మొదలైంది, పేరు మార్చుకుంటా మార్చుకుంటా వచ్చింది, మేము చేరినప్పుడు జగనన్న విద్యాదీవెన, ఇప్పుడు మళ్ళీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఆర్‌టీఎఫ్ ఎమ్‌టీఎఫ్ అంటా ఉండారు. ఆర్‌టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు, ఎమ్‌టీఎఫ్ అంటే తిండికీ హాస్టలుకీ ఇచ్చేది. మా టైములో ఆ రెండోదాన్ని వసతి దీవెన అనేవాళ్ళు, డిగ్రీ ఆ పైన చదివేవాళ్ళకి ఏడాదికి 20 వేలు, రెండు విడతలుగా పది పది. బీఈడీ దాంట్లోకి వస్తాది. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపల ఉండల్ల.

కానీ అసలు మెలిక సీటు కాడ ఉండాది. ఎడ్‌సెట్ అని బీఈడీ ఎంట్రన్సు రాసి, ర్యాంకు తెచ్చుకోని, కౌన్సిలింగులో కన్వీనర్ కోటాలో, అంటే గవర్నమెంటు ర్యాంకు చూసి ఇచ్చే సీట్లలో, సీటొస్తేనే ఈ డబ్బులు. కాలేజీ వాళ్ళే నింపుకునే మేనేజ్‌మెంట్ సీటుకి రావు, కౌన్సిలింగు అయినాక మిగిలిన సీటులో నేరుగా చేర్చుకునే స్పాట్ అడ్మిషన్‌కి రావు. మీకు ఫోన్ చేసినాయన అమ్మేది ఈ రెంటిలో ఏదో ఒకటి అయ్యుంటాది, దానికి గవర్నమెంటు కడతాది అని చెప్పడం పచ్చి అబద్ధం, చేరిపోయినాక రీయింబర్స్‌మెంట్ రాలేదు మీరే కట్టండి అని మెడ మీద కూర్చుంటారు. మా ఊరి పిల్ల ఒకామె ఇట్లే ఇరుక్కోని రెండేళ్ళ ఫీజు, సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఇంకొంచెం, అన్నీ అప్పు చేసి కట్టింది.

రాబన్లేదు అనేది ఇంకో మోసం. హాజరు 75 శాతం ఉంటేనే స్కాలర్‌షిప్, వేలిముద్ర వేయించుకుంటారు. కాలేజీకి పోకుండా డిగ్రీ వస్తాదేమో కానీ డబ్బులు రావు. ఈ రెండూ ఒకేసారి ఇస్తాం అనేవాణ్ణి నమ్మొద్దు అక్కా.

ఎడ్‌సెట్ గురించి భయపడొద్దు, 150 మార్కులు, రెండు గంటలు, ఇంగ్లీషు 25, జీకే 15, టీచింగ్ ఆప్టిట్యూడ్ 10, మిగతా వంద మీ సబ్జెక్టే. తప్పు రాస్తే మార్కులు కోయరు. మీరు బీజెడ్సీ కాబట్టి బయలాజికల్ సైన్స్ మెథడాలజీ. డిగ్రీలో 50 శాతం ఉండల్ల, బీసీలకి 40 చాలు. ఏడేళ్ళ గ్యాప్ అని ఎవురూ అడగరు, మా బ్యాచిలో ముగ్గురు పిల్లల తల్లి ఉండింది, ఆమెకే ఫస్టొచ్చింది.

ఇంక డబ్బులు ఎప్పుడొస్తాయి అనేది మాత్రం అడగొద్దు. నాకు మొదటి ఏడాది ఫీజు రెండో ఏడాది సగంలో వచ్చింది, రెండో ఏడాదిది కోర్సు అయిపోయి ఇంట్లో కూర్చున్నాక వచ్చింది. కాలేజీ వాళ్ళు అంతదాకా ఆగరు, పరీక్ష ఫీజు కట్టించుకునేటప్పుడు బాకీ కట్టు అంటారు. నేను మా చిన్నాయన కాడ 15 వేలు తీసుకోని కట్టినా, డబ్బులు పడినాక తిరిగిచ్చినా. కాబట్టి గవర్నమెంటు ఇస్తాది అని చేతులూపుకుంటా పోవద్దు, ఒక ఏడాది ఫీజు చేతిలో పెట్టుకోనే చేరండి.


సచివాలయం సుబ్బడు:

నేను సచివాలయంలో పని చేస్తా, ఏ ఊరో చెప్పను, రోజూ ఇవే కేసులు. పైన తమ్ముడు చెప్పింది అంతా కరెక్టే, నేను కారు సంగతి చెప్తా.

మేడమ్, సిస్టమ్ మిమ్మల్ని ఒక్కరినే చూడదు, మీ ఇంటిని చూస్తాది. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అని ఒకటుంటాది, దాంట్లో మీరు ఎవురి ఇంట్లో ఉండారో ఆ ఇంట్లో అందరి ఆధార్‌లూ పట్టుకోని జల్లెడ పడతాది. 2019లో పెట్టిన వడపోత ఇది, పథకాల పేర్లు మారినా జల్లెడ మాత్రం అదే. ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి గానీ, ఆ ఉద్యోగం చేసి రిటైరైన పింఛన్‌దారు గానీ ఉండకూడదు, పారిశుధ్య కార్మికులకి మాత్రం మినహాయింపు. ఇన్‌కమ్ టాక్సు కట్టేవాళ్ళు ఉండకూడదు. మాగాణి పదెకరాల లోపల, మెట్ట అయితే 25 ఎకరాల లోపల. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు ఉండాది.

కాబట్టి మీ ఆయన ఎల్లో బోర్డుతో మీకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మీ మామ ఆమ్నీతో. మీరు ప్రశ్నలో ఆమ్నీ "ఉండింది" అని రాసినారు, ఇప్పుడు ఉండాదా అమ్మేసినారా? అమ్మింటే ఆర్‌సీ మార్పించినారా? ఇది ముందు చెప్పండి. నేను చూసిన కేసుల్లో సగం ఇవే. బండి అమ్మేసింటారు, అది యాడో నెల్లూరులో తిరగతా ఉంటాది, ఆర్‌సీ మాత్రం వీళ్ళ పేరు మీదే ఉంటాది, వీళ్ళకి పథకం ఆగిపోతాది, వచ్చి మా మీద అరుస్తారు. మేమేం చేస్తాం, కంప్యూటర్లో ఫోర్ వీలర్ అని ఎర్రగా చూపిస్తా ఉంటాది.

ఇంకోటి చూసుకోండి, మీరు మ్యాపింగులో అత్తగారింట్లో ఉండారా పుట్టింట్లోనే ఉండిపోయినారా అని. పెళ్ళయినాక కార్డు మార్చుకోకపోతే ఇంకా మీ నాయన ఇంటి లెక్కలోనే ఉంటారు, అప్పుడు మీ నాయన పొలం, మీ అన్న ఉద్యోగం చూస్తారు. ఒకామె ఇట్లే వచ్చింది, భర్త కూలి పని, ఈమెకి అన్న ఆర్టీసీలో ఉద్యోగి, ఈమె మ్యాపింగు అన్న ఇంట్లోనే ఉండింది, ఆగిపోయింది. విడగొట్టించి, భర్త ఇంట్లో చేర్పించేసరికి ఆ ఏడాది అప్లికేషన్ డేటు దాటిపోయింది పాపం.

మీ ఆయన టాక్సీ లోను కోసం ఐటీ రిటర్ను వేసినారా? వేసినంత మాత్రాన టాక్సు కట్టినట్టు కాదు, కానీ ఒక్కోసారి జల్లెడలో అదీ తగులుకుంటాది, అప్పుడు కాగితాలు పెట్టి గ్రీవెన్స్ వేసుకోవల్ల. బ్యాంకు అకౌంటుకి ఆధార్ లింకు, ఈకేవైసీ, ఇవి ఎట్లాగూ చేయించుకోవల్ల.


కొర్లగుంట కోడలు:

అన్నా మీకు దండం పెడతా, "ఉండింది" అనే ఒక్క ముక్క పట్టుకున్నారే! ఆమ్నీ నాలుగేళ్ళ కిందటే అమ్మేసినాడు మామ. ఆర్‌సీ సంగతి ఇప్పుడే అడిగినా. ముఖం నా పక్క తిప్పకుండా, "వాడే మార్పించుకుంటా అన్నాడు" అంటాడు. అంతే. మార్పించుకున్నాడో లేదో తెలీదు. కొన్నోడు శ్రీకాళహస్తి పక్కోడంట, పేరు కూడా సరిగ్గా గుర్తులేదు.

మ్యాపింగులో ఎవురింట్లో ఉండానో చూసుకోల్ల. రేషన్ కార్డులో అయితే అత్తగారింట్లోనే ఉండా.

తమ్ముడూ నువ్వు చెప్పింది చదివి ఆ ఫోన్ నెంబరు బ్లాక్ చేసేసినా.


రిటైర్డ్ హెచ్చెమ్మును:

అమ్మా, నువ్వు రాసింది చదివాను. ఒక సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. నీ స్నేహితురాలు ఒకటో తరగతికి చెబుతోంది అన్నావు కదా, అంటే ఆమె ఎస్‌జీటీ, చిన్న తరగతుల టీచరు. ఆమె బీఈడీ మీద రాలేదు తల్లీ, డీఈడీ మీద వచ్చింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రాథమిక తరగతులకి బీఈడీ చెల్లదు, డీఎల్‌ఈడీ అనే చిన్న తరగతుల టీచర్ ట్రైనింగ్ ఉండాల్సిందే. మనం ఇప్పటికీ అలవాటుగా టీటీసీ, డీఈడీ అంటాం, అదే. నువ్వు బీఈడీ చేస్తే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి పోటీ పడాలి, హైస్కూల్లో బయలాజికల్ సైన్స్ చెప్పాలి. ఆ పిల్లని ఒకసారి అడిగి చూడు.

నువ్వు ఏది చేయాలో ముందు తేల్చుకో, ఫీజు సంగతి తర్వాత. 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు, అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్‌జీటీలు 6,371. చూడటానికి స్కూల్ అసిస్టెంట్లే ఎక్కువ, కానీ అవి సబ్జెక్టుల వారీగా, జిల్లాల వారీగా ముక్కలవుతాయి, నీ సబ్జెక్టుకి నీ జిల్లాలో మిగిలేది గుప్పెడు. రాష్ట్రం మొత్తం మీద మూడు లక్షల ముప్పై వేల మందికి పైగా అప్లై చేశారు.

డీఎల్‌ఈడీ అయితే దాని ఎంట్రన్సు డీసెట్ రాయాలి, ఇంటర్ అర్హత చాలు. మన పాత చిత్తూరు జిల్లా మొత్తానికి డైట్ అనే గవర్నమెంటు టీచర్ ట్రైనింగ్ కాలేజీ కార్వేటినగరంలో ఉంది, పుత్తూరు నుంచి దగ్గరే. అక్కడ సీటు వస్తే ఫీజు నామమాత్రం, ఈ రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే బాధ తక్కువ. బీఈడీకైనా అంతే, యూనివర్సిటీ కాలేజీలో సీటు దొరికితే ప్రైవేటు కాలేజీ మొహం చూడనక్కర్లేదు. నువ్వు తిరుపతిలోనే ఉన్నావు, ఎస్వీ యూనివర్సిటీ ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, ఇంటి నుంచి ఆటోలో పోయి రావచ్చు. నా మాట అడిగితే గవర్నమెంటు ఇచ్చే అసలైన సాయం ఆ సీటే. స్కాలర్‌షిప్ ఆలస్యం కావచ్చు, ఆగిపోవచ్చు, సీటు ఎక్కడికీ పోదు. కాబట్టి ఎడ్‌సెట్‌కి ఏదో రాశాంలే అనిపించుకోకుండా మూడు నెలలు కూర్చుని చదువు.

ఇప్పటి పిల్లలు స్టైపెండ్ లేదు, ఫీజు రాలేదు అంటుంటే నాకు మా రోజులు గుర్తొస్తాయి. నేను ఎన్టీఆర్ హయాంలో స్పెషల్ టీచర్‌గా చేరాను, నెలకి 398 రూపాయలు. ట్రైనింగ్ అయిపోయి, బడిలో పాఠం చెబుతూ కూడా 398. మమ్మల్ని పేరుతో పిలిచేవాళ్ళు కాదు, "మున్నూట తొంభై ఎనిమిది అయ్యవారు" అనేవాళ్ళు. పలమనేరు అవతల అడవి పక్క బడి, జీతం వచ్చిన రోజు బియ్యం, కిరసనాయిలు కొంటే మిగిలేది బస్సు చార్జీకి. సరే, అది వేరే కథ.


పుత్తూరు బయాలజీ:

సార్ డీఎల్‌ఈడీ పాయింటు నాకు తట్టనే లేదు, నేను బీఈడీ అనంగానే బీఈడీ గురించి చెప్పుకుంటా పోయినా. కరెక్టు సార్. నేనైతే మొన్న డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటుకే రాసినా, పోయింది, ఒకటిన్నర మార్కు. ఆ ఒకటిన్నర గురించి రోజూ రాత్రి పడుకునేటప్పుడు ఆలోచిస్తా.

టెట్ అని టీచర్ అర్హత పరీక్ష ఉండాది, దాని మార్కులకి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉండాది అక్కా, మీరు ఏది చేసినా టెట్‌ని తేలిగ్గా తీసుకోవద్దు, నాకు పోయింది అక్కడే.


చంద్రగిరి టీచరమ్మ:

చెల్లెమ్మా నేను ప్రైవేటు స్కూల్లో చెప్తా బీఈడీ చేసినదాన్ని, పిల్లోణ్ణి అమ్మ కాడ వదిలిపెట్టి పోయేదాన్ని. అందరూ ఫీజు గురించే మాట్లాడతా ఉండారు, నేను ఫీజు కాని ఖర్చులు చెప్తా, ఎందుకంటే నన్ను దెబ్బ కొట్టింది అవే.

రికార్డులు. లెసన్ ప్లాన్ రికార్డు, మైక్రో టీచింగ్ రికార్డు, ప్రాజెక్టులు, చార్టులు, మోడళ్ళు, థర్మాకోలు, గమ్ము, స్కెచ్చులు, ఎన్ని సార్లు బజారుకి పోయినానో లెక్క లేదు. ఇవి ఏ స్కాలర్‌షిప్‌లోనూ రావు. ఇంక రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు, అంటే నాలుగు నెలలు బడికి టీచరు మాదిరి పోవల్ల, పొద్దున ప్రేయర్‌కి ముందే ఉండల్ల, పాఠం చెప్పల్ల, పరీక్ష పేపర్లు దిద్దల్ల. దానికి రూపాయి ఇయ్యరు. డాక్టరు చదివేవాళ్ళకి హౌస్ సర్జన్ చేస్తే స్టైపెండ్ ఇస్తారు కదా, మాకెందుకు ఇయ్యరు అని నేను మా లెక్చరర్ని అడిగితే, నువ్వు చార్టు పూర్తి చేసినావా అన్నాడు. ఆ నాలుగు నెలలూ నా ప్రైవేటు స్కూలు జీతం కూడా పోయింది, మా ఆయన ఒక్కడి సంపాదన మీద బతికినాం. కాబట్టి డబ్బులు దాచుకోవల్లంటే ఆ నాలుగు నెలల కోసం దాచుకో.

ఒక్క మంచి సంగతి ఏమంటే 2025 ఆగస్టు 15 నించి ఆడోళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ కదా, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ అన్నీ. మా టైములో అది లేదు, చంద్రగిరి నించి తిరుపతికి రోజూ పోయొచ్చేదానికే నెలకి ఎంతో అయ్యేది. నీకు కార్వేటినగరంలో సీటొచ్చినా బస్సు ఖర్చు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడతాడు. ఎవురూ దీన్ని చదువుకి సాయం అని లెక్కేయరు గానీ నన్నడిగితే వసతి దీవెన కన్నా ఇదే రోజూ చేతికి తగిలేది.


పీలేరు_లండన్:

ఇంటర్న్‌షిప్‌కి స్టైపెండ్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. మా పెదనాయన కొడుకు ఇంగ్లండులో ఉండాడు, వాడి భార్య అక్కడ టీచర్ ట్రైనింగ్ చేస్తా ఉండాది. అక్కడ టీచర్ ట్రైనింగులో చేరేవాళ్ళకి గవర్నమెంటే బర్సరీ అని ఇస్తాది, 2025-26లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటింగ్‌కి 29 వేల పౌండ్లు, ట్యాక్సు లేదు, తిరిగి కట్టబన్లేదు. మన లెక్కలో ముప్పై లక్షల పైమాటే. అంతెందుకు ఇస్తారంటే అక్కడ మ్యాథ్స్, ఫిజిక్స్ చెప్పేదానికి మనుషులు దొరకరు, సబ్జెక్టుని బట్టి రేటు మారతా ఉంటాది, మనుషులు దొరికే సబ్జెక్టుకి ఏమీ ఇయ్యరు.

ఇక్కడ ఉల్టా. ఒక పోస్టుకి ఇరవై మంది క్యూలో నిలబడి ఉంటే ఎవుడు బర్సరీ ఇస్తాడు అబ్బా. ఊరికే చెప్పినా, ఎవురూ పాస్‌పోర్టుకి అప్లై చేయొద్దు.


సచివాలయం సుబ్బడు:

లండన్ అన్నా, 29 వేల పౌండ్లు వచ్చే ఇంట్లో ఫోర్ వీలర్ ఉంటే కట్ చేస్తారా కనుక్కోని చెప్పు.


నగరి_2026:

మధ్యలో దూరతా ఉండా ఏమనుకోవద్దు. మా తమ్ముడు ఇంటర్ ఎంపీసీ సెకండియర్, వాడికి ముందు నించీ మ్యాథ్స్ టీచర్ కావల్లని. డిగ్రీ మూడేళ్ళు, మళ్ళీ బీఈడీ రెండేళ్ళు అంటే ఐదేళ్ళు ఫీజులు మోయల్ల. ఇంటర్ అయినాక నేరుగా చేసేది ఏదన్నా ఉండాదా?


రిటైర్డ్ హెచ్చెమ్మును:

ఉంది నాయనా. ఐటెప్ అని నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు, డిగ్రీ బీఈడీ రెండూ కలిపే, ఒక ఏడాది మిగులుతుంది, ఒక ఏడాది ఫీజూ మిగులుతుంది. దానికి ఎన్‌సెట్ అనే పరీక్ష జాతీయ స్థాయిలో ఎన్‌టీఏ వాళ్ళు పెడతారు, మన ఎడ్‌సెట్ కాదు, పొరపాటు పడొద్దు. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మన రాష్ట్రం దాని కిందికే వస్తుంది. మా దగ్గర చదివిన పిల్లలు ఇద్దరు అక్కడ పాత నాలుగేళ్ళ బీఎస్సీ ఎడ్ చేశారు, క్యాంపసు, హాస్టలు, పక్కనే డెమాన్‌స్ట్రేషన్ స్కూలు, ప్రైవేటు కాలేజీల్లాగా రికార్డులు కొనుక్కుని రాసే వ్యవహారం కాదు.

ఇంకొకటి. ఇంటర్‌లో మంచి మార్కులు వస్తే, అంటే బోర్డులో 80వ పర్సంటైల్ పైన ఉంటే, కేంద్రం వాళ్ళ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది, దీనికి ఆదాయం నాలుగున్నర లక్షల దాకా పర్వాలేదు. మొదటి మూడేళ్ళు ఏడాదికి 12 వేలు, ఇంటిగ్రేటెడ్ కోర్సు అయితే నాలుగో ఏడాది 20 వేలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో అప్లై చేయాలి. అయితే ఇంకే స్కాలర్‌షిప్పూ తీసుకుంటూ ఉండకూడదు, కాబట్టి రెండు పడవల మీద కాళ్ళు పెట్టకుండా ఏది లాభమో చూసుకోమను.


చంద్రగిరి టీచరమ్మ:

కొర్లగుంట చెల్లెమ్మకి ఇంకోటి చెప్పడం మర్చిపోయినా. చదువు అయిపోయినాక డీఎస్సీ కోచింగు ఉండాది చూడు, దానికి ప్రైవేటులో పోస్తా ఉంటారు జనం, అవనిగడ్డకి పోయి హాస్టల్లో ఉండి మరీ. మీరు బీసీ అన్నావు కదా, మెగా డీఎస్సీకి ముందు బీసీ వెల్ఫేర్ వాళ్ళు బీసీ స్టడీ సర్కిళ్ళ ద్వారా రెండు నెలలు ఉచిత కోచింగ్ పెట్టినారు, నెలకి 1500 స్టైపెండ్, పుస్తకాలకి ఇంకో వెయ్యి. ఎస్సీ ఎస్టీ పిల్లలకి వేరేగా పెట్టినారు. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చే ముందు పేపరు చూస్తా ఉండు, డేటు దాటిపోతే ఎవురూ పిలిచి ఇయ్యరు.

దూరవిద్యలో చేస్తానని మాత్రం ఎవురన్నా ఆశ పెడితే వినొద్దు. దూరవిద్య బీఈడీ, ఇగ్నో లాంటివి, ముందే టీచర్ ట్రైనింగ్ చేసినోళ్ళకే, నీ మాదిరి ఫ్రెష్‌గా డిగ్రీ మీద చేరేవాళ్ళకి కాదు.


పుత్తూరు బయాలజీ:

అక్కా బీఈడీ అయినాక లా చేద్దాం అనుకునేవాళ్ళు కూడా చూసుకోండి. డిగ్రీ తర్వాత బీఈడీకి ఇస్తారు, బీఈడీ తర్వాత మళ్ళీ ఎల్‌ఎల్‌బీ అంటే స్కాలర్‌షిప్ ఇయ్యరు, ఒక ప్రొఫెషన్ చదివినాక ఇంకో ప్రొఫెషన్‌కి లేదు. మా ఫ్రెండొకడు డీఎస్సీ పోయిందని లా కాలేజీలో చేరి అప్లై చేస్తే రిజెక్టు.


కొర్లగుంట కోడలు:

అందరికీ ఒకేసారి రాస్తా ఉండా, మూడు రోజులుగా ఇదే పని.

సార్ చెప్పినట్టు నా ఫ్రెండుని అడిగినా. నిజమే సార్, ఆమె ఇంటర్ అయినాక కార్వేటినగరం డైట్‌లో డీఈడీ చేసి, ఆ తర్వాతే డిగ్రీకి వచ్చిందంట, అందుకే నా కన్నా రెండేళ్ళు పెద్దది, మూడేళ్ళు పక్కన కూర్చోని కూడా నాకు ఈ సంగతి తెలీదు చూడండి. మా ఆయనా నేనూ కూర్చోని మాట్లాడుకున్నాం. నాకు చిన్నపిల్లలతో ఓపిక తక్కువ, మా పాపకి ఏబీసీడీ నేర్పించేటప్పుడే ఇంట్లో యుద్ధం. హైస్కూలు పిల్లలైతే నేను చెప్పగలను, బాటనీ ఇప్పటికీ గుర్తుండాది. కాబట్టి బీఈడీకే పోతా, ఎడ్‌సెట్ గట్టిగా రాసి పద్మావతి యూనివర్సిటీకో ఎస్వీయూకో ట్రై చేస్తా. రాకపోతే కన్వీనర్ సీటులో ప్రైవేటు. స్పాట్‌లో మాత్రం చేరను.

టీచరమ్మక్కా, ఇంటర్న్‌షిప్ నాలుగు నెలలకి అని మా ఆయన ఇప్పటి నించే నెలకి రెండు వేలు పక్కన పెడతా అన్నాడు. సీజన్లో సరే, ఆషాఢంలో ఎట్ల పెడతాడో చూడల్ల.

సచివాలయం అన్నా, నిన్న పోయినా. మ్యాపింగులో అత్తగారింట్లోనే ఉండా, మా ఆయన టాక్సీకి ఏమీ చూపించలా. మీరు చెప్పినట్టే మామ పేరు కాడ ఎర్రగా ఫోర్ వీలర్ అని వచ్చింది, ఆ ఆమ్నీనే. బండి నెంబరు కొట్టి చూస్తే ఇంకా మామ పేరు మీదే ఉండాది, పైగా మూడు చలాన్లు ఉండాయి, సీటు బెల్టు పెట్టుకోలేదని. మామ అమ్మేసి నాలుగేళ్ళు! దీనికి ఇప్పుడు ఏం చేయల్ల?


సచివాలయం సుబ్బడు:

చలాన్లు కూడానా 😀 కొన్నోణ్ణి పట్టుకోవడమే మేడమ్, వేరే దారి వెతకొద్దు. ఇద్దరూ సంతకాలు పెట్టి, చలాన్లు కట్టి, రవాణా శాఖ ఆన్‌లైన్లో ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవల్ల. మామ కాడ అమ్మినప్పుడు రాసుకున్న కాగితం ఏదన్నా ఉండాదా, స్టాంపు పేపరు మీద? అది ఉంటే వాడి అడ్రసు దొరకతాది. ఆర్‌సీ మారినాక మా కాడికొచ్చి గ్రీవెన్స్ వేయండి. సీటు వచ్చేదానికి ఇంకా టైముంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి, అడ్మిషన్ అయినాక మొదలుపెడితే ఆ ఏడాది పోతాది.


కొర్లగుంట కోడలు:

కాగితం ఉండాదంట అన్నా, కానీ యాడ పెట్టినాడో తెలీదంట. పొద్దున నించి అత్త బీరువాలో చీరలన్నీ కింద వేసి వెతకతా ఉండాది, మామేమో అటక మీద ఉండాడు. మా పాప కింద నించి, తాతా దొరికిందా, తాతా దొరికిందా అని అరస్తా ఉండాది. దొరికితే చెప్తా.